తొంభై రెండు కిలోల పుణ్యం

నాకు కోపం ఎక్కువని కోటబొమ్మాళిలో అందరికీ తెలుసు. ముప్ఫై నాలుగేళ్లు సర్కారు ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేశాను. సూది చూడగానే మంచం కిందకి దూరే మగాళ్లను కాలు పట్టుకుని బయటికి లాగి మరీ పొడిచిన చెయ్యి ఇది. కోపం లేకుండా ఆ ఉద్యోగం సాగుతుందా? రిటైరయ్యాక ఆ కోపమంతా ఇంట్లో మా ఆయన జ్ఞానానందం గారి ఒక్కరి మీదే ఖర్చవుతుంటే, పాపం ఆయన రెండు నెలలు ఓర్చుకుని, మూడో నెలలో నన్ను తీసుకెళ్లి సేవామిత్ర క్లబ్బులో చేర్పించారు. "లీలా, నీ శక్తి సమాజానికి కూడా కాస్త అందాలి కదా" అన్నారు. ఆయన మా బాప్టిస్టు చర్చిలో డీకను, సంఘ పెద్దల్లో ఒకరు. ఎంత పెద్ద మాటైనా అలా మెత్తగానే చెబుతారు.

క్లబ్బులో చేరిన ఏడాదికే నన్ను కార్యదర్శిని చేశారు. మీటింగుకు ఆలస్యంగా వచ్చిన పెద్దమనుషులను గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసేదాన్ని గనక, ఆ పదవికి నేనే తగినదాన్నని ఏకగ్రీవంగా తేల్చేశారు. క్లబ్బు మంచిదే. కళ్లద్దాలు పంచాం, మొక్కలు నాటాం, బడిపిల్లలకు పళ్లు తోముకోవడం నేర్పించాం. పది నిమిషాల పనికి అరగంట ఫొటోలు దిగేవాళ్లం, అది కూడా దాచను.

మా అధ్యక్షుడు ఉమాశంకర్‌కి టైల్స్ షాపు ఉంది. నన్ను "అక్కా" అంటాడు. మనసు మంచిదే గానీ మనిషికి షీల్డు పిచ్చి. క్లబ్బు పదవులు జూన్ నెలాఖరుతో అయిపోతాయి. ఆ లోగా, ఏడాది మొత్తంలో గొప్ప సేవ చేసిన క్లబ్బుకు జోన్ చైర్మన్ ఒక షీల్డు ఇస్తారు. ఈసారి అది మాకేనని నమ్మి ఉమాశంకర్ షాపు గోడకి ముందే మేకు కొట్టించి ఉంచాడు. అంతలో సాలూరు క్లబ్బు వాళ్లు వేగావతి నది గట్టు శుభ్రం చేశారు. వాళ్లంతా లారీ ఓనర్లు. ఎత్తిన చెత్తను లారీలో వేసి, తిన్నగా వేబ్రిడ్జి ఎక్కించి, ఆరు వందల పది కిలోలని చీటీ తీయించి, ఆ చీటీని జోన్ వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. సేవను తూకం వేయొచ్చని అంతవరకు మాలో ఎవరికీ తోచలేదు.

చీటీ వచ్చిన ఐదు నిమిషాలకే ఉమాశంకర్ ఫోన్ చేశాడు.

"అక్కా, మనం ఆళ్లని దాటాల. సముద్రానికి ఎల్దాం. అక్కడ సెత్తకి కొదవుండదు."

అలా జూన్ ఎనిమిదో తారీఖు శనివారం పొద్దున్నే పద్దెనిమిది మందిమి కొత్తరేవు చేరాం. మా ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరంలో సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పల్లె అది. అందరూ వేట మీద బతికేవాళ్లే. ఆ రోజు ఊరు ఊరంతా పక్క రేవులో అమ్మవారి పండక్కి వెళ్లిపోయింది. అడ్డొచ్చేవాళ్లు లేరు, మన పని మనం హాయిగా చేసుకోవచ్చని మేం సంబరపడ్డాం కూడా. నీలం టీషర్టులు, తెల్ల టోపీలు, చేతులకు తొడుగులు. ముందుగా ఉమాశంకర్ ఫోనులో చూసి ఉపన్యాసం చదివాడు. పాత వలలు సముద్రానికి శత్రువులనీ, వాటిలో చిక్కుకుని తాబేళ్లు ఊపిరాడక చచ్చిపోతున్నాయనీ చెప్పాడు. నాకు కళ్లు చెమర్చాయి. ఇవాళ వల కంటపడితే వదలకూడదని అక్కడికక్కడే నిశ్చయించుకున్నాను.

ఒళ్లు దాచుకోకుండా పనిచేశాం. సీసాలు, కవర్లు, చెప్పులు, విరిగిన కుర్చీలు, అన్నీ గోనెసంచుల్లోకి ఎత్తి, టైల్స్ షాపు నుంచి తెచ్చిన కాటా మీద పెట్టాం. పదకొండు గంటలకు లెక్క ఐదు వందల తొంభై ఒక్క కిలోల దగ్గర ఆగిపోయింది. ఇంక గట్టు మీద ఒక్క బీడీ ముక్క కూడా లేదు. సాలూరు వాళ్లకి ఇంకా పంతొమ్మిది కిలోలు వెనకబడి ఉన్నాం. ఉమాశంకర్ ముఖం పదో తరగతి తప్పినవాడిలా అయిపోయింది.

అప్పుడు కనిపించింది నాకు. ఒడ్డుకు లాగిపెట్టిన బోట్ల వెనకాల, చిరిగిన టార్పాలిన్ కింద ఏదో కుప్ప ఉంది. పైన నాలుగు మూలలా నాలుగు రాళ్లున్నాయి. మధ్యలో ఒక కుక్క పడుకుని ఉంది. కుక్కను అదిలించి టార్పాలిన్ ఎత్తితే గుప్పుమని నీచు వాసన, లోపల పాత వల. ఒకటే పెద్ద వల. ఇద్దరు పట్టినా కదల్లేదు, ఏ సంచిలోనూ పట్టలేదు. "ఇంతోటి దానికి ఇంత ఆలోచనేంటి?" అని నేను ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోంచి కట్లు కోసే పెద్ద కత్తెర తీశాను. తాళ్లు ఉన్నచోట కత్తెర ఆడకపోతే, కొబ్బరిబొండాల కోసం తెచ్చుకున్న కత్తితో నరికించాను. చక్కగా, తిన్నగా, ఏడు ముక్కలు చేశాను.

"అక్కా, ఈ రాళ్లు కూడా కాటా మీద పెట్టేద్దుమా?" అని ఉమాశంకర్ ఆశగా అడిగాడు.

"ఛ! రాళ్లు చెత్త కాదు. అలాంటి అన్యాయం మన క్లబ్బులో కుదరదు" అన్నాను. న్యాయం దగ్గర నేను చాలా నిక్కచ్చి.

వల ఒక్కటే తొంభై రెండు కిలోలు తూగింది. మొత్తం ఆరు వందల ఎనభై మూడు! కేకలు, ఈలలు, నన్ను మధ్యలో పెట్టి ఫొటోలు. జోన్ చైర్మన్ జేమ్స్ గారు శృంగవరపుకోట నుంచి అప్పటికప్పుడే ఫోన్ చేసి అభినందించారు. పద్నాలుగో తారీఖు సాయంత్రం ఆ గట్టు మీదికే వచ్చి షీల్డు ఇస్తానన్నారు. చెత్తను కళ్లారా చూస్తాను, అంతవరకు ఉంచండి అన్నారు. సంచులన్నీ ఉమాశంకర్ గొడౌన్‌లో పెట్టి తాళం వేశాం. ఆ వేళ మధ్యాహ్నం నేను తిన్న అన్నం ఎంత రుచిగా ఉందో.

సోమవారం పొద్దున్న బుల్లమ్మ వచ్చింది.

బుల్లమ్మది కొత్తరేవు. ఇరవై ఏళ్లుగా మా వీధికి చేపలు తెచ్చి అమ్ముతుంది. ఆమె ఇద్దరు పిల్లలకీ పురుడు పోసింది నేనే. పురిటి నొప్పుల్లో ఆమె కేకలు పెడుతుంటే "నోరు మూసుకో, నీ ఒక్కదానికే వచ్చిందా పురుడు?" అని గదమాయించిందీ నేనే. వేట నిషేధం ఉండే రెండు నెలలూ ఎండుచేపలు తెస్తుంది. ఆ రోజు గంప లేకుండా, జుట్టు విరబోసుకుని వచ్చి వీధి అరుగు మీద కూలబడింది.

"నర్సమ్మా, వల పోనాది" అంది.

నా చేతిలో టీ గ్లాసు ఉంది. ఏ వల అని అడక్కుండానే దాన్ని కింద పెట్టేశాను.

"శనివారం పండక్కెల్లి వొచ్చేసరికి నేదు. మా ఆడు, నాను, రెండు నెల్లు ఎండలో కూకుని బాగుసేసిన వల. కన్ను కన్నూ సూసి కట్టినాం. పద్నాలుగుతో నిషేదం ఐపోతాది. పదిహేనో తారీకు సీకటుండగా బోట్లన్నీ నీల్లలోకి దిగిపోతాయి. వల నేకుండా మా ఆడు గట్టు మీద కూకుని కెరటాలు లెక్కెడతాడా?"

"కొత్త వల కొనకూడదా?" అన్నాను.

"ఆర్డరిచ్చినా నెల్లాళ్లకి గాని రాదు. మొదటి పొద్దు బోటు దిగకపోతే కళాసీలు ఆగుతారేటి? బేగి ఇంకో బోటెక్కేస్తారు. ఇంక ఏడాదంతా మాకు మనుసులు దొరకరు. బోటమ్ముకుని కూలికెల్లాల్సిందే." ఏడుపు మింగి, ఒక్కసారి గొంతు పెంచింది. "దాన్ని ఎత్తికెల్లినోల సేతులిరిగిపోను! ఆల ఏళ్లు కుల్లిపోను! ఆల ఇంట్లో పొయ్యి రాజకుండా పోను!"

నేను నా వేళ్ల వైపు చూసుకున్నాను. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

లోపల్నుంచి మా ఆయన వచ్చారు. మోకాలి నొప్పి వల్ల ఆయన శనివారం బీచికి రాలేదు, కాబట్టి ఆయనకి ఏమీ తెలియదు. బుల్లమ్మ ఆయన్ని చూసి చేతులు జోడించింది. "బాబూ, మా గంగమ్మకి మొక్కినాను. మీ యేసుబాబుకి కూడా ఒక మాట సెప్పండి. ఆ దొంగని సూపించమనండి."

ఆయన వెంటనే కళ్లు మూసుకున్నారు. "ప్రభువా, ఈ బీదరాలి కన్నీళ్లు చూడు. ఆ వల తీసుకెళ్లినవారిని నిద్రపోనివ్వకు. అన్నం సహించనివ్వకు. ఈ వారంలోగా వారిని వెలుగులోకి తీసుకురా తండ్రీ."

"బాగా సెప్పినారు బాబూ. ఆ ఏళ్లు కుల్లిపోడం గురించి కూడా ఒక ముక్క కలపండి."

"అలా అడక్కూడదమ్మా" అన్నారు ఆయన మెత్తగా. తర్వాత నా వైపు తిరిగి, "లీలా, ఆమేన్ అను" అన్నారు.

ఆమేన్ అనడం అంత కష్టమని నాకు ఏనాడూ తెలియదు.

బుల్లమ్మ వీధి మలుపు తిరిగేదాకా ఆగి, తలుపు వేసి, ఆయనకి మొత్తం చెప్పేశాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "నలభై ఏళ్లుగా ప్రార్థన చేస్తున్నాను లీలా. ఇంత తొందరగా జవాబు ఎప్పుడూ రాలేదు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఇంటి మీదకి ముప్పొస్తే ఈయనకి ప్రార్థన లెక్కలు! పుణ్యానికి పోతే పాపం ఎదురైందని నెత్తి కొట్టుకుని, తిన్నగా టైల్స్ షాపుకి నడిచాను.

ఉమాశంకర్ అంతా విన్నాడు. పాపం నిజంగానే బాధపడ్డాడు. తర్వాత గోడ మీది మేకు వైపు చూశాడు.

"అక్కా, వల ఇచ్చేస్తే మనది మళ్లీ ఐదొందల తొంభై ఒకటి ఐపోద్ది. పంతొమ్మిది కిలోలకి షీల్డు పోద్ది. పద్నాలుగు సాయంత్రం చైర్మన్ గారు సూసి ఎల్లిపోనాక ఇచ్చేద్దుం."

"పద్నాలుగు సాయంత్రం ఏడు ముక్కలు చేతిలో పెడితే, తెల్లారేసరికి వాళ్లు వేటకెలా వెళ్తారయ్యా?"

"ఒక్క నాలుగు రోజులక్కా..."

ఇంక నాకు ఓపిక నశించింది. "ఉమాశంకరూ, నెలనెలా దొంగతనంగా మా ఇంటికొచ్చి షుగర్ చూపించుకుంటావు. మొన్నటి రిపోర్టు ఎంతొచ్చిందో, పొద్దున్నే నువ్వు నిలబడి లాగించే జిలేబీలు ఎన్నో, మీ ఆవిడకి తెలుసా?" అన్నాను. రోగి గుట్టు నర్సు బయటపెట్టకూడదు. పెట్టను కూడా. కానీ ఆ సంగతి అతనికి తెలియదు కదా. గొడౌన్ తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు.

ఆటోలో ఏడు సంచులు, నేను, మా ఆయన. కొత్తరేవు చేరేసరికి మధ్యాహ్నం రెండైంది. బుల్లమ్మ, ఆమె మొగుడు ఎల్లాజీ బోటు నీడలో కూర్చుని ఉన్నారు. దారి పొడుగునా నేను మంచి మాటలు కూర్చుకుంటూ వచ్చాను. తీరా ఆమె ముఖం చూడగానే అన్నీ ఎగిరిపోయాయి.

"బుల్లమ్మా, మా ఆయన ప్రార్థన ఫలించింది" అన్నాను.

"దొంగ దొరికినాడా?" అంటూ లేచి నిలబడింది. "ఎవులు నర్సమ్మా?"

"నేనే."

ముందు ఫక్కున నవ్వింది. ఎల్లాజీ సంచి మూతి విప్పి ఒక ముక్క బయటికి లాగాడు. అప్పుడు నవ్వు ఆగిపోయింది. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. తాబేళ్లు, షీల్డు, కత్తెర, ఏదీ దాచలేదు. ఎల్లాజీ తెగిన అంచులను వేలితో నిమిరాడు. "సొర కొరికినా ఇంత తిన్నగా తెగదే" అన్నాడు ఆశ్చర్యంగా.

"పైన రాళ్లు సూడనేదా?" అని అడిగింది బుల్లమ్మ.

"చూశాం."

"రాయి పెట్టినామంటే అది ఒకలిదని అర్దం. రేవులో పాకే గుంటకి కూడా తెలుసు. బంగారం మీద రాయి పెట్టి ఎల్లినా ఇక్కడ ఎవులూ ముట్టరు."

"మాకు తెలియదు బుల్లమ్మా."

"తెల్నప్పుడు అడగాల నర్సమ్మా. అడగడానికి మనిసి నేనప్పుడు రాకూడదు."

తిట్టినా బాగుండేది. ముప్ఫై నాలుగేళ్లలో నన్ను ఒక మాట అనే సందు నేనెవరికీ ఇవ్వలేదు. ఆ మాటకి నిలువునా సిగ్గుపడిపోయాను. ఇసకలో నిలబడి చంటిపిల్లలా ఏడ్చాను.

మా ఆయన ముందుకొచ్చి, "క్షమించు తల్లీ" అన్నారు.

"చమించడం తరవాత బాబూ. ముందు ఆ ఏళ్లు కుల్లిపోడం గురించి నానన్నది మీ దేవుడికి సెప్పకండి. ఆ ఏళ్లతో నాకు పనున్నాది." నా వైపు తిరిగింది. "కోసినోలే కట్టాల. రేవులో ఎవులి వల ఆలకి, ఎవులి బోటు ఆలకి, సాయానికి ఒక్క మనిసి రాడు. పద్నాలుగు పొద్దుగూకేసరికి నా వల నాకు కావాల. రేపు మీ కలబ్బోలందర్నీ తీసుకుని రా."

ఆ సాయంత్రం సభ్యులందరికీ ఫోన్ చేశాను. వార్డులో పిలిచే గొంతుతో పిలిచాను. ఒకరికి నడుం నొప్పట, ఇంకొకరికి పెళ్లట. "శనివారం టీషర్టు వేసుకున్న ప్రతి ఒక్కరూ రావాలి" అన్నాను. మంగళవారం పొద్దున్న నాతో కలిపి పదిహేడు మందిమి వచ్చాం. ఉమాశంకర్ రాలేదు.

వల కట్టడం తెలుసనే అనుకున్నాను నేను. వందల మందికి కుట్లు వేసిన దాన్ని, ఆఫ్ట్రాల్ దారం. ఎల్లాజీ ప్లాస్టిక్ సూదికి దారం చుట్టి ఇచ్చి ఒక్కసారి చూపించాడు. గంటలో మూరెడు కట్టి, గర్వంగా బుల్లమ్మను పిలిచాను. ఆమె ముడిలో చిటికెన వేలు దూర్చి ఒక్క గుంజు గుంజింది. మూరెడూ జారిపోయింది.

"ఇది మనిసి తోలు కాదమ్మా, మందేస్తే అతుక్కోడానికి. నీల్లలో సముద్రం వందమంది బలంతో లాగుద్ది. విప్పు."

మూడుసార్లు విప్పించింది. మూడోసారి "అబ్బా, నడుం పడిపోతోంది" అన్నాను. "నీ ఒక్కదానికే ఉన్నాదేటి నడుం? కట్టు" అంది. ఎక్కడో విన్న మాటలా ఉందనుకున్నాను గానీ పైకి అనలేదు. లెక్కల మాస్టారు కూర్మయ్య గారు జామెట్రీ పెట్టెలోంచి స్కేలు తీసి వల కన్ను కొలవబోతే, ఎల్లాజీ ఆ స్కేలు లాక్కుని ఆయన రెండు వేళ్లు పట్టుకుని కన్నులో పెట్టాడు. "ఇదీ కొలత మాస్టారూ. ఈ రెండు ఏళ్లు దూరాల, మూడోది దూరకూడదు." ఆ రోజు నుంచి మాస్టారు రెండు వేళ్లు చాపుకునే తిరిగారు.

ఏడు ముక్కలంటే ఆరు అతుకులు. మంగళవారం మొత్తం కలిపి ఒక్క అతుకు కూడా పూర్తి కాలేదు. బుల్లమ్మ ముఖం చూస్తే నాకు భయం వేసింది. బుధవారం ఉమాశంకర్ వచ్చాడు. ఒక మూల కూర్చుని సూది అందుకున్నాడు. సాయంత్రానికి అతని వేళ్లు కోసుకుపోయాయి. నేను పసుపు రాసి గుడ్డ కట్టబోతే, "వొద్దక్కా, గుడ్డుంటే ముడి బిగవదు" అన్నాడు. అప్పుడు నాకు వాడి మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. గురువారానికి నాలుగు అతుకులయ్యాయి. రోజూ మధ్యాహ్నం బుల్లమ్మ ఎండుచేపల పులుసు పెట్టేది. తిడుతూనే వడ్డించేది.

పద్నాలుగు శుక్రవారం సాయంత్రం ఐదింటికి జేమ్స్ గారు కారు దిగారు. ఆయన పళ్ల డాక్టరు. తెల్ల చొక్కా, నల్ల బూట్లు, చేతిలో బంగారు రంగు కాగితం చుట్టిన షీల్డు. గట్టు మీద వేదిక లేదు, ఫ్లెక్సీ లేదు. పద్దెనిమిది మంది సభ్యులు ఇసకలో వల చుట్టూ గొంతుక్కూర్చుని ఉన్నారు. ఐదో అతుకు అప్పుడే అయింది. ఆరోది, అన్నిటికంటే పెద్దది, సగంలో ఉంది. ఇంకో గంటన్నరలో వెలుగు పోతుంది.

"ఏంటిది ఉమాశంకర్ గారూ? రండి, రండి, షీల్డు తీసుకోండి" అన్నారు జేమ్స్ గారు నవ్వుతూ.

ఉమాశంకర్ లేవబోయాడు. సగం లేచాడు కూడా. బుల్లమ్మ తల ఎత్తకుండానే, "బాబూ, ఆ ముడి ఇప్పుడు ఒగ్గేత్తే ఎనకవన్నీ జారిపోతాయి" అంది.

అతను షీల్డు వైపు చూశాడు. చేతిలో ముడి వైపు చూశాడు. మళ్లీ కూర్చున్నాడు.

"సార్, మాది ఐదొందల తొంభై ఒకటే సార్. మిగతాది సెత్త కాదు. ఈల వల. మేమే కోసేసినాం. ఆ షీల్డు సాలూరోలకి ఇచ్చేయండి సార్" అన్నాడు. చెయ్యి మాత్రం ముడి వదల్లేదు. నేను చెప్పమనలేదు. జిలేబీల సంగతి కూడా ఎత్తలేదు.

జేమ్స్ గారికి ఏం చేయాలో తోచలేదు. షీల్డు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. బుల్లమ్మ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. "ఉత్తినే నిలబడ్డావు బాబూ, ఆ తాడు కొస గట్టిగా పట్టుకో" అంది. ఆయన షీల్డును ఇసకలో పడుకోబెట్టి, తాడు పట్టుకున్నారు. గంటసేపు పట్టుకున్నారు. బూట్లలోకి కెరటం వచ్చిపోతున్నా కదల్లేదు. "పల్లు పీకే సెయ్యి గదా, పట్టు బాగున్నాది" అని ఎల్లాజీ మెచ్చుకున్నాడు.

వెలుగు తగ్గేకొద్దీ బుల్లమ్మకు కంగారు పెరిగింది. ఒకళ్ల ముడి వదులంటుంది, ఒకళ్ల దారం చాలదంటుంది. ఇంకా నాలుగు మూరలు మిగిలి ఉండగా, "ఒగ్గండి, మీతోటి తెల్లారిపోద్ది" అని ఉమాశంకర్ చేతిలో సూది లాక్కుని తానే కూర్చుంది. మా అందరినీ పేరుపేరునా తిడుతూ, చీకటి పడే వేళకి చివరి ముడి వేసేసింది. వలను బోటులోకి ఎక్కించాక ఒక్క మాట అంది నాతో.

"నర్సమ్మా, ఇది గాని నీల్లలో విడిపోనాదా, నాను, మా ఆడు, పిల్లలు మీ ఇంటికొచ్చి కూకుంటాం. సీజనంతా నువ్వే అన్నం పెట్టాల."

మర్నాడు పొద్దున ఎనిమిదింటికల్లా మేమంతా గట్టు మీద ఉన్నాం. రమ్మని ఎవరూ పిలవలేదు. జేమ్స్ గారు కూడా కోటబొమ్మాళిలోనే ఆగిపోయి మాతో వచ్చారు. బోట్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. బుల్లమ్మ గంప పక్కన పెట్టుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. మా ఆయన్ని ప్రార్థన చేయమందామనుకుని, మళ్లీ ఎందుకులే అని ఊరుకున్నాను.

తొమ్మిదిన్నరకి ఎల్లాజీ బోటు వచ్చింది. నిండుగా రాలేదు, ఖాళీగానూ రాలేదు. అడుగున వెండిలా కవళ్ల చేపలు మెరుస్తున్నాయి. నేను చప్పట్లు కొట్టబోయేంతలో ఎల్లాజీ దిగి, "ఒక అతుకు ఇడిపోనాది. అటుపక్క పడిందంతా జారిపోనాది" అన్నాడు.

"నాదే, నాదే అయ్యుంటుంది" అన్నాను. "కాదక్కా, నాది" అన్నాడు ఉమాశంకర్. కూర్మయ్య మాస్టారు తన రెండు వేళ్లు చూసుకుని "నాదేనేమో" అన్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే పద్దెనిమిది మందీ భుజాలు తడుముకున్నారు.

ఎల్లాజీ వలను ఇసక మీద పరిచి, మొదటి నుంచి ఒక్కొక్క అతుకూ గుంజి చూశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఇనప గొలుసుల్లా ఉన్నాయి. ఆరో దాని దగ్గర ఆగాడు. దానిలో సగం గట్టిగానే ఉంది. మిగతా నాలుగు మూరలూ నోరు తెరుచుకుని ఉన్నాయి.

"ఇది సీకటడుతున్నప్పుడు కట్టింది" అన్నాడు ఎల్లాజీ. అని, నవ్వు ఆపుకోవడానికి సముద్రం వైపు తిరిగాడు.

అందరం బుల్లమ్మ వైపు చూశాం. చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాం. గట్టు మీద ఒక్కరు నవ్వితే ఒట్టు. ఆమె ముఖం ఎర్రబడింది, తర్వాత నల్లబడింది.

"ఏటి సూస్తన్నారు?" అని విరుచుకుపడింది. "పద్దెనిమిది మంది సుట్టూ మూగి బుర్ర తింటంటే ముడి పడతాదేటి?"

ఆమె విడిపోయిన చోట కూర్చుంది. దారం చుట్టిన సూది తీసింది. వల కన్నులు రెండు పట్టి చూసింది. ఒక్క క్షణం ఏదో ఆలోచించి, సూది తెచ్చి నా ఒళ్లో పడేసింది.

"కట్టు" అంది.

"నేనా?"

"మరెవులు? రేపు సీకటుండగా మల్లీ దిగాల. నాను సేపలమ్ముకోవాల."

గంప నింపుకుని నెత్తిన పెట్టుకుంది. నేను మొదటి ముడి వేస్తుంటే పక్కనుంచే నడిచి వెళ్లిపోయింది. వంగి చూడలేదు, వేలు పెట్టి గుంజలేదు. నాకు గర్వం పొంగుకొచ్చింది. దాన్ని మింగుకుని, వార్డులో పిలిచే గొంతుతో కేకేశాను.

"ఉమాశంకరూ, ఏం చూస్తున్నావక్కడ? ఆ కొస పట్టుకో!"